వార్ధక్యమున చేయూత: పునరావాస చికిత్సకుల విద్య

మనుష్యుని ఆయుర్దాయము పెరుగుట ఆరోగ్యశాస్త్రము సాధించిన విజయములలో ముఖ్యమైనది. కాని పెరిగిన యేండ్లు మంచముపైననే గడచినచో ఆ విజయము సగమే యగును. 1961వ సంవత్సరపు జనాభా లెక్కలలో అరువది యేండ్లు నిండినవారు మన దేశమున సుమారు 2 కోట్ల 47 లక్షలమంది. 2011 నాటికి వారి సంఖ్య 10 కోట్ల 38 లక్షల వరకు పెరిగినది. 2050 నాటికి అది 34 కోట్లు దాటునని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో అంచనా వేసినది. ఇందరు వృద్ధులకు మందులొక్కటియే చాలవు. లేచి కూర్చుండుటకు, నడచుటకు, తమ పనులు తాము చేసికొనుటకు తోడ్పడు నేర్పరులు కావలెను. వారినే పునరావాస చికిత్సకులందురు.

ఈ చికిత్సకులు చేయు పని

వైద్యుడు వ్యాధిని నయము చేయును. వ్యాధి పోయిన పిమ్మట మిగిలిన బలహీనతను జయించుట పునరావాస చికిత్స యొక్క పని. ఫిజియోథెరపిస్టు కండరములకును కీళ్లకును బలము, కదలిక సమకూర్చును. ఆక్యుపేషనల్ థెరపిస్టు స్నానము, భోజనము, బట్టలు కట్టుకొనుట మున్నగు నిత్యకృత్యములను తిరిగి అలవాటు చేయించును. మాటపోయినవారికి మాటను, మ్రింగుట కష్టమైనవారికి మ్రింగు విధానమును నేర్పువారు వేఱుగ కలరు. పక్షవాతము, తుంటి యెముక విరుగుట, మోకాళ్ల నొప్పులు, పార్కిన్సన్ వ్యాధి మున్నగు వానిలో వీరి సహాయము మిక్కిలి అవసరము.

ఒక యింటి ఉదాహరణము

పుదుచ్చేరి పట్టణములోని సారం పేటలో ఒక యింటిని ఊహించుకొందము. ఆ యింటి పెద్ద యానాంలో జీవితమంతయు గడపి, వార్ధక్యమున కుమారుని వద్దకు వచ్చినాడు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిదే యైనను, గోదావరి తీరమున నున్న తెలుగుసీమ. ఆయనకు తెలుగు తప్ప అన్యభాష రాదు. ఒకనాడు పక్షవాతము వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయినవి, మాట తడబడినది.

చికిత్సకు వచ్చిన యువకుడు పనియందు సమర్థుడే. కాని “చెయ్యి ఎత్తు, కాలు చాపు” అని తమిళమున ఆజ్ఞాపించి, గడియారము చూచుకొని వెడలిపోవును. వృద్ధుడు కన్నులు మూసికొని పండుకొనును. చికిత్సకుడు తన పుస్తకమున “రోగి సహకరింపడు” అని వ్రాసికొనును. ఆ వ్రాత నిజమా? ఆయన మొండివాడు కాడు. మాట అర్థము కాలేదు. పడిపోవుదునేమో యను భయము. కోడలి యెదుట బట్టలు సవరించుకొనలేని సిగ్గు. ఈ మూడింటిని గుర్తింపనిచో ఎంత చక్కని వ్యాయామమైనను ఫలింపదు. పక్షవాతము తరువాత తొలి మాసములలోనే కోలుకొనుట వేగముగా సాగును. ఆ కాలము వ్యర్థమైనచో కలుగు నష్టము తిరిగి పూడ్చుట కష్టము.

మఱియొక చికిత్సకుడు పది తెలుగు మాటలు నేర్చుకొని వచ్చినాడనుకొనుడు. “తాతగారూ, పొద్దున్నే లేచి మీరు ముందు ఏమి చేసేవారు?” అని అడిగి, జవాబు వచ్చువఱకు ఓపికతో వేచియుండును. కాఫీ గ్లాసు తానే పట్టుకొని త్రాగవలెననియు, స్నానపుగదికి తానే నడచిపోవలెననియు ఆ పెద్ద కోరిక. అంతట ఆ రెండు పనులే చికిత్సకు లక్ష్యములగును. వ్యాయామము అదియే, దాని ప్రయోజనము మాత్రము ఇపుడు రోగికి తెలిసినది.

జాలి వేఱు, కరుణ వేఱు

కోడలు ప్రేమతో మామగారికి ముద్దలు కలిపి నోట పెట్టుచున్నది. ఇది తప్పని కటువుగా చెప్పినచో ఆమె మనసు నొచ్చును. చెప్పకున్నచో ఆయన చేయి పనిని మఱచును. “అమ్మా, నాలుగు ముద్దలు ఆయననే తిననిండు, అలసినపుడు మీరు పెట్టుడు” అని చెప్పగలుగుటయే నేర్పు. రోగి చేయగలిగిన పనిని అతనిచేతనే చేయించుట, చేయలేని పనికి చేయి అందించుట కరుణ. అన్నియు మనమే చేసిపెట్టుట జాలి మాత్రమే.

విద్యార్థికి నేర్పవలసినవి

కరుణ పుట్టుకతో రావలసినదే కాని బోధింపదగినది కాదని కొందఱందురు. అది సరికాదు. అది అభ్యాసముచే పెరుగును, అశ్రద్ధచే తరుగును. వైద్యవిద్యార్థులలో మూడవ సంవత్సరమున సహానుభూతి తగ్గుచున్నట్లు అమెరికాలో 2009లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. కావున పాఠశాలలు ఈ క్రింది విషయములందు శ్రద్ధ వహింపవలెను.

1. విద్యార్థి మసక కండ్లద్దములు పెట్టుకొని, మోకాళ్లకు కట్లు కట్టుకొని ఒక పూట మెట్లెక్కి దిగవలెను. వృద్ధుని అడుగు ఏల తడబడునో అపుడు తెలియును.

2. పరీక్షకు ముందు రోగి మాటను అడ్డుతగులక వినుట అభ్యసింపవలెను. మాట రానివారితో చిన్న వాక్యములలో, అవుననియో కాదనియో తల యూచుటకు వీలగు ప్రశ్నలు వేయవలెను. పెద్దలను పసిబిడ్డలవలె పలుకరింపరాదు.

3. రోగిని తాకుటకు ముందు చెప్పి, అనుమతి పొందవలెను. తెర, దుప్పటి మున్నగు వానిచే మర్యాద కాపాడవలెను.

4. ఆసుపత్రిలోనే గాక ఇండ్లలోను శిక్షణ జరుగవలెను. ఎత్తు గడప, జారు నేల, చీకటి మెట్లు చూడనివాడు వృద్ధుడు పడిపోకుండ కాపాడలేడు.

5. విద్యార్థి గురువు నడవడిని చూచి నేర్చుకొనును. రోగిని పేరుతో గాక పడక సంఖ్యతో పిలుచు గురువు ఎన్ని ఉపన్యాసములిచ్చినను ప్రయోజనము లేదు.

మన దేశమున ఈ విద్య

ఆక్యుపేషనల్ థెరపీ విద్యకు మన దేశమున 1950లో ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శ్రీమతి కమలా నింబ్కర్ పునాది వేసిరి. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదమునకు గురియై నడుము క్రింది భాగమున చలనము కోల్పోయిరి. అయినను చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. తరువాత విదేశములలో పునరావాస వైద్యము నభ్యసించి వచ్చి, వెల్లూరులో ఆ విభాగమునకు నాయకత్వము వహించిరి. రోగి కష్టమును తాననుభవించిన వైద్యురాలు ఈ శాస్త్రమునకు మార్గదర్శి యగుట గమనింపదగినది.

పుదుచ్చేరిలో వైద్యవిద్య 1823 నాటి ఫ్రెంచి పాఠశాలతో ఆరంభమైనది. ఆ పరంపరలో వెలసిన జిప్మర్ సంస్థ గోరిమేడులో కలదు. అందు పునరావాస వైద్యవిభాగమును ఉన్నది. 2010-11లో ఆరంభమైన జాతీయ వృద్ధారోగ్య కార్యక్రమము జిల్లా ఆసుపత్రులలో పది పడకల వృద్ధవైద్య విభాగములను, ఫిజియోథెరపీ సౌకర్యమును ఏర్పరుపవలెనని నిర్దేశించినది. ఈ వృత్తుల విద్యా ప్రమాణములను క్రమబద్ధము చేయుటకు 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది.

ప్రజలకు సూచనలు

మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, మాట తడబడుట కనిపించిన వెంటనే ఆసుపత్రికి కొనిపోవుడు. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటల లోపలనే ఈయవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట పడిపోయిన చేయి పట్టి లాగి లేపకుడు, భుజపుకీలు సడలును. నిటారుగ కూర్చుండబెట్టియే ఆహారమిండు. కదలలేని వారిని రెండేసి గంటలకు ఒత్తిగిలజేయుడు, పడకపుండ్లు రాకుండును. చికిత్సకుని పద్ధతి అర్థము కానిచో సంకోచింపక అడుగుడు.

మీ యింట చదువుకొను బిడ్డలలో ఓపికయు, పెద్దలయందు ప్రీతియు గలవారుండిన ఈ వృత్తి వారికి తగినది. నేటి యువకులే రేపటి వృద్ధులు. మనము నేడు తీర్చిదిద్దు చికిత్సకుల చేతులే రేపు మనకు ఊతగా నుండును.