సన్నని కాగితపు కత్తిరింపులకు తగిన జిగురు

(చేతిపనుల తరగతికొక పాఠము)

క్రిస్మసు కార్డులు చేయుట మన పాఠశాలలో చిన్నతరగతి మొదలు పెద్దతరగతి వరకు నందరికిని ప్రియమైన పని. గడచిన డిసెంబరు మాసమున వసతిగృహములో నున్న తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తన తలిదండ్రులకు పంపుటకై పలుచని తెల్లకాగితముతో నొక ఖర్జూరవృక్షమును కత్తిరించెను. దాని యాకుల యీనెలు దారపుపోగంత సన్నముగా నుండెను. అందుకామెకు నాలుగు సాయంకాలములు పట్టెను. పని ముగిసిన పిమ్మట నేను నా బల్లమీది తెల్లజిగురు సీసా నామె చేతికిచ్చి, "పూసి అతికించుమమ్మా" అంటిని. కుంచె తగిలిన యాకులు తడిసి, ముడుచుకొని, ఒకదానికొకటి అంటుకొనెను. మెల్లగా విడదీయబోగా తెగిపోయెను. నాలుగు దినముల శ్రమ రెండు నిమిషములలో పోయెను. ఆ పిల్ల యేడ్వలేదు. "జిగురు మీరిచ్చినదే గదండీ, మాష్టారూ" అని మాత్రమనెను. అప్పుడు నాయొద్ద సమాధానము లేకపోయెను. తరువాత కొన్ని మాసములు పలువిధములగు జిగురులను పరీక్షించి తెలిసికొన్న దానిని ఆమెకును, మీకందరికిని ఇచ్చట వ్రాయుచున్నాను.

ఇట్టి సన్నని కత్తిరింపులను కార్డులపై నంటించుట నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1843వ సంవత్సరమున లండనులో హెన్రీ కోల్ అను నాతడు హార్స్‌లీ అను చిత్రకారునిచే గీయించి అచ్చువేయించినది మొదటి క్రిస్మసు కార్డుగా ప్రసిద్ధి కెక్కినది. అందులో నంటించిన భాగము లేవియు లేవు. అచ్చువేసి చేతితో రంగులద్దిరి. కాగితపు లేసునంటించు పనికి పేరు తెచ్చినది అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రపు వూస్టరు పట్టణమున నివసించిన ఎస్తేరు హౌలండు. ఈమె తండ్రి కాగితములు, పుస్తకములు అమ్ము వర్తకుడు. ఇంగ్లండునుండి వచ్చిన లేసుకార్డు నొకదానిని చూచి, తానును అట్టివి చేయగలనని యామె నిశ్చయించుకొనెను. ఇంటియందే బల్లలు వేసి, స్నేహితురాండ్రను కూర్చుండబెట్టి, ఒకరు కత్తిరింప, ఒకరు అమర్ప, ఒకరు అంటింప, పనిని పంచిపెట్టి గొప్ప వ్యాపారము నడపి, 1881లో దానిని ఇతరులకు విక్రయించెను. ఆనాడు పిండిజిగురులు, బంకలే దిక్కు. నేడు ఉక్కు అంచులుగల డైలను చిన్న రోలరు యంత్రములో నొక్కి, వెండ్రుకంత సన్నని యాకారములను క్షణములో కోయుచున్నారు. కోత సులభమైనది గాని అంటించు కష్టము మాత్రము ఎస్తేరు హౌలండు నాటిదే.

జిగురును గూర్చి తెలియవలెనన్న ముందు కాగితమును గూర్చి తెలియవలెను. కాగితము మొక్కల నారపోగుల చాప వంటిది. ఈ పోగు నీరు త్రాగినప్పుడు పొడవున మిక్కిలి కొంచెముగాను, అడ్డముగా చాల యెక్కువగాను ఉబ్బును. యంత్రముపై చేయు కాగితములో పోగులలో పెక్కు యంత్రము నడచు దిక్కునకే పడియుండును. కనుక తడిసిన కాగితము ఒక దిక్కున సాగి, మరియొక దిక్కున సాగక, చుట్టుకొనును. ఒక ప్రక్క మాత్రమే జిగురు పూసినచో ఆ ప్రక్క సాగును, రెండవది సాగదు. అందువలన నింకను చుట్టుకొనును. మన ఖర్జూరపుటాకులకు పట్టిన గతి యిదియే. కార్డుయొక్క పోగుల దిక్కును, కత్తిరింపుయొక్క పోగుల దిక్కును ఒకటిగా నుండునట్లు అంటించినచో ఆరినపిమ్మట కార్డు వంకరపోదు. దిక్కు తెలిసికొనుటకు ఆ కాగితమునుండియే నిలువున నొకటి, అడ్డముగా నొకటి సమానమైన రెండు పట్టీలు కోసి, రెంటిని జతగా నొక కొనయందు పట్టుకొనుడు. ఎక్కువగా వ్రేలాడినది పోగులకడ్డముగా కోసినది. నిటారుగా నిలిచినది పోగులవెంట కోసినది.

ఇక జిగురుల సంగతి. మన యిండ్లలో కవరు అంటించుటకు అన్నపు మెతుకును నలిపి రాయుట మీరందరు నెరిగినదే. గాలిపటములకును అదియే. దానిని చూచి నవ్వవలదు. అందు పనిచేయునది పిండిపదార్థమే, పుస్తకములను బాగుచేయు నిపుణులు నేటికిని గొప్ప గ్రంథాలయములలో వాడునదియు గోధుమనుండి తీసిన పిండిపదార్థమే. 1840లో ఇంగ్లండున వెలువడిన మొదటి తపాలాబిళ్ల వెనుక పూసినది బంగాళాదుంపల పిండితో చేసిన జిగురు. మన చెరియాలు చిత్రకారులు గుడ్డను సిద్ధపరచుటకు గంజిని, సుద్దమట్టిని, చింతగింజల జిగురును వాడుదురు. కొండపల్లి బొమ్మల భాగములను అతుకునది చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్ద. చింతగింజల జిగురు గట్టిదే గాని గోధుమరంగు దేరి యుండుటచే తెల్లని కాగితమునకు తగదు.

గోధుమపిండిలో రెండు వస్తువులు గలవు: పిండిపదార్థ మొకటి, రబ్బరువలె సాగు మాంసకృత్తు మరియొకటి. రెండవది పురుగుల కిష్టము. జిగురునకు రంగు తెచ్చునదియు అదియే. దీనిని వేరుచేయు విధము మీ తల్లులకు తెలియును. గోధుమపాల హల్వా చేయునప్పుడు తడిపిన పిండిముద్దను నీటిలో పిసికి పాలు తీయుదురు గదా! చేతిలో మిగిలిన సాగుముద్దను విడిచి, ఆ పాలను కదపక నుంచినచో అడుగున తెల్లని పిండి పేరును. పైనీరు వంచి దానిని ఆరబెట్టుకొనవలెను. ఇంత శ్రమకోర్వనివారు అంగడిలో దొరకు మొక్కజొన్న పిండిని వాడవచ్చును; దాని పట్టు కొంత తక్కువ.

ఒక పాలు పిండికి అయిదు పాళ్లు నీరు పోసి, ఉండలు లేకుండ కలిపి, సన్నని మంటపై ఇరువది నిమిషములు కలుపుచు ఉడికింపవలెను. మొదట పాలవలె నున్నది చిక్కబడి, పిమ్మట కొంచెము పారదర్శకముగా మారును. పిండిరేణువులు నీరుత్రాగి ఉబ్బి పగులుటచే నీ మార్పు కలుగుచున్నది. ఉడుకని పిండికి పట్టు లేదు. చల్లార్చి, పలుచని గుడ్డలో వడగట్టి, మీగడవలె నగువరకు నీరు కలుపవలెను. దీనికి రెండు గొప్ప గుణములు గలవు. మొదటిది, ఆరిన పిమ్మట మచ్చ కనబడదు. రెండవది, అంటించినది తప్పైనచో తడిపి మరల ఊడదీయవచ్చును. ఒక దోషము గలదు: రెండు మూడు దినములలో పులిసి, బూజు పట్టును. పుస్తకములు కుట్టువారు దీనికి మైలుతుత్తము కలుపుట వాడుక. పురుగు పట్టదన్నమాట నిజమే గాని అది విషము. అదిగాక రాగి కాగితపు పోగులను కాలక్రమమున క్షీణింపజేయును. పిల్లలు ముట్టు కార్డులకు దానిని కలుపనే వలదు. కావలసినంత మాత్రమే వండి, మిగిలినది పారవేయుడు.

తుమ్మబంక సంగతి వేరు. నీటిలో నానవేసిన చాలును, వంటతో పని లేదు. కాని ఆరిన బంక గాజువలె పెళుసు. కార్డును మడచినప్పుడు పగులును. వానకాలమున చెమ్మ పీల్చి మరల జిగటయగును. కవరు మూతకు మంచిదే, ఖర్జూరపుటాకులకు కాదు.

నేను ఆ బాలికకిచ్చిన తెల్లజిగురు పాలీవినైల్ ఎసిటేటు అనునది. 1912లో జర్మనీలో క్లాట్టె అను శాస్త్రజ్ఞుడు దీని మూలపదార్థమును కనుగొనెను. మన దేశమున 1959లో వెలువడిన ఫెవికాల్ ఈ జాతిదే. నీటిలో తేలు సూక్ష్మకణములు, నీరు ఆవిరియైన పిమ్మట ఒకదానితో నొకటి కలిసి పొరయగును. కొయ్యకు దీనివంటిది లేదు. కాగితమునకును మంచిదే, అయితే ఆరినపిమ్మట నీటితో ఊడదు. సామాన్యమైన రకములు ఏండ్లు గడచిన కొలది కొంచెము ఆమ్లమును వెలువరించును గనుక దీర్ఘకాలము దాచుకొనవలసిన వస్తువులకు ఆమ్లము లేనిదని వ్రాసియున్న రకమునే కొనవలెను. ఆనాటి తప్పు జిగురుది కాదు, నేను చెప్పిన పద్ధతిది. కుంచెతో పూయుటకు మారు, సూదిమొన నందు ముంచి, ఆకుల మొదళ్లకును కొనలకును ఆవగింజలో సగమంత చుక్కలు పెట్టియుండవలసినది. నాలుగైదు చుక్కలమీద నిలిచిన కత్తిరింపు కార్డునకు కొంచె మెత్తుగా నుండి సన్నని నీడను పడవేయును. చూపున కదియే మిక్కిలి యందము.

జిగురు కడ్డీని గూర్చి చాలమంది నన్నడుగుదురు. పెదవులకు రంగుపూయు కడ్డీని చూచి జర్మనీలో నొక సంస్థవారు దీనిని చేసి 1969లో అమ్మకమునకు పెట్టిరి. చిన్నపిల్లలకు మేలైనది, తడి తక్కువ. కాని రుద్దవలెను గదా! రుద్దుటలోనే సన్నని యీనెలు తెగును.

పారదర్శకపు టేపును ఈ పనికి వాడవద్దని నేను గట్టిగా చెప్పుదును. 1930లో అమెరికాలో రిచర్డు డ్రూ కనిపెట్టిన యీ వస్తువు ఎంత ఉపయోగకరమైనను, రబ్బరుతో చేసిన పాతరకపు జిగురు కొంతకాలమునకు పసుపుబారి, నూనెవలె కాగితములోనికి దిగును. నేను బాలుడనై యుండగా మా నాయనమ్మకు చేసియిచ్చిన నక్షత్రపు కార్డును ఆమె తన బైబిలులో దాచుకొనెను. ఆమె పోయిన పిమ్మట తెరచి చూచితిని. నక్షత్ర మూడిపోయి, దాని స్థానమున గోధుమరంగు చతురస్ర మొకటి నిలిచియుండెను. ఆ మచ్చ ఎదుటి పుటకును దిగియుండెను. రబ్బరు ద్రావణము కూడ ఈ మోస్తరుదే; దాని యావిరికి నిప్పంటుకొను భయము సహితము గలదు.

రెండువైపుల జిగురుగల పలుచని పొరను కాగితము వెనుక ముందుగా నంటించి, ఆపైన డైతో కోయుట నేటి పద్ధతులలో నొకటి. తడి యేమాత్రమును లేదు గనుక కాగితము చుట్టుకొనదు. తళతళలాడు జరీకాగితము, ట్రేసింగు కాగితము వంటి నీరు పీల్చని వానికిదియే శ్రేష్ఠము. కాని ఒకసారి తగిలినచో కదలదు; వంకరగా పడినది వంకరగానే యుండును. గాలిపటముల రంగుకాగితము తడి తగిలిన వెంటనే రంగు కారును గనుక దానికిని ఈ పొడిపద్ధతియే మేలు. చిమ్ముడు జిగురు డబ్బాలను తరగతిలో వాడనీయను. ఆ తుంపరలు పిల్లల ఊపిరితిత్తులలోనికి పోవును.

ఇన్ని పరీక్షల పిమ్మట నాకు నచ్చిన పద్ధతి యిది. ఒక గాజుపలకపై పిండిజిగురును మిక్కిలి పలుచగా పరచి, తడిమెరుపు తగ్గువరకు ఆగవలెను. కత్తిరింపును, వెనుకభాగము క్రిందికి వచ్చునట్లు, దానిపై నుంచి, పైన నొక కాగితము వేసి వ్రేలితో తేలికగా తట్టవలెను, రుద్దరాదు. జిగురు కావలసినంతయే అంటుకొనును. పట్టుకారుతో మొదటినుండి మెల్లగా ఎత్తి కార్డుపై దించి, అద్దుడు కాగితము వేసి, లావుపాటి పుస్తకముల క్రింద ఒక రాత్రి యుంచవలెను. కార్డునకు ముందు ఎప్పుడును ఒక పనికిరాని తునకమీద చేసి చూడవలెను; ఈ నియమము నేనానాడు పాటించియున్నచో ఈ వ్యాసమే యుండెడిది కాదు.

ఈస్టరు పండుగకు ముందు ఆ బాలిక అదే వృక్షమును మరల కత్తిరించెను. ఈసారి మూడు సాయంకాలములే పట్టెను. గాజుపలక పట్టుకొని నేను ప్రక్కన నిలుచుంటిని. చేయి మాత్రము వేయలేదు. కార్డు తపాలాలో పోయెను. పదిదినములకు ఆమె తండ్రి జాబు వ్రాసిరి. చెట్టు చక్కగా చేరెననియు, ఒక్క యాకుకొన మాత్రము కొంచెము లేచియుండగా తాను రాత్రి భోజనమువేళ నొక అన్నపు మెతుకుతో దానిని అంటించితిననియు అందులో నుండెను.