ఒకే రేవు, రెండు ఫొటోలు

మే నెలలో బెజవాడలో పొద్దు పొడిచేది ఐదున్నర దాటాక. ఎనిమిదిన్నరకల్లా ఎండ చురుక్కుమంటుంది. ఆ మధ్యనున్న మూడు గంటలే భార్యాభర్తలకు వేసవి ఇచ్చే అసలైన సెలవు. ఊటీకి టికెట్లు దొరకలేదని దిగులుపడే జంటలు వాటిని నిద్రలో పోగొట్టుకుంటున్నారు. చేతిలో ఫోను ఉంది, గుమ్మం ముందు బండి ఉంది, ఊరిని ఆనుకునే కృష్ణ ఉంది. బయల్దేరండి.

ఊరికే తిరిగి రావచ్చు కదా, ఫొటోలెందుకు అంటారా? ఫొటో తీయాలంటే ఆగాలి. ఆగితేనే చూస్తాం. ఇద్దరూ ఒకేచోట ఆగి చెరొక ఫొటో తీస్తే, పక్కనున్న మనిషి కన్ను దేనిమీద వాలుతుందో తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఒకే కంచంలో తిన్నా ఈ సంగతి తెలియని జంటలు చాలా ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా ఎలా చేయాలన్న వివరం.

మొదటి ఉదయం ప్రకాశం బ్యారేజీ దగ్గరికి వెళ్లండి. వంతెన మీద బండి ఆపకండి, ఘాటు దగ్గర దిగండి. 1957లో పూర్తయిన ఈ ఆనకట్టకు 70 గేట్లు. వేసవిలో ఎగువన నీళ్లు నిండుగా నిలిచి ఉంటాయి, దిగువన ఇసుక తిన్నెలు తేలి ఉంటాయి. పది నిమిషాలు మాట్లాడుకోకుండా చెరోవైపు నడవండి. తలా ఒక్క ఫొటో తీయండి, ఒక్కటే. తర్వాత ఫోన్లు మార్చుకోండి. ఆయన గేట్ల వరస తీసి ఉంటారు. ఆవిడ వల విదిలిస్తున్న జాలరి మోచేతిని తీసి ఉంటుంది. అప్పుడు నోటి నుంచి వచ్చే మొదటి మాట ముఖ్యం. "ఇదేం ఫొటో?" అంటే ఆ రోజుకి మాటలు అక్కడితో సరి. "ఇదెందుకు తీశావు?" అని ఆయన, "మీకిది ఎలా కనబడిందండీ?" అని ఆవిడ అడిగితే, ఇంటికొచ్చేదాకా కబుర్లు సాగుతూనే ఉంటాయి. ఆ జాలరి చేతిని చూస్తే తన నాన్న గుర్తొచ్చాడని ఆవిడ చెబుతుంది. ఆ మాట ఇంట్లో టీవీ ముందు ఎప్పుడూ వచ్చి ఉండదు.

కొత్త పనిని ఇద్దరూ కలిసి చేస్తే అనుబంధం పుంజుకుంటుందన్నది పరీక్షించి చూసిన విషయం. అమెరికన్ మనస్తత్వవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనంలో, కొన్ని జంటల మణికట్లూ చీలమండలూ కలిపి కట్టి, చేతులు వాడకుండా ఒక దిండును అడ్డం దాటించమన్నారు. ఏడు నిమిషాల ఆట. మామూలు పని చేసిన జంటలకంటే ఈ జంటలు తమ బంధం గురించి ఎక్కువ సంతృప్తి చెప్పారు. మనకు తాళ్లూ దిండ్లూ అక్కర్లేదు. ఎన్నడూ దిగని రేవులో దిగితే చాలు.

ఇక్కడొక గట్టి మాట చెప్పాలి. మన ఇళ్లలో ఆల్బమ్ తెరిస్తే ఒకరు దాదాపు కనబడరు. కెమెరా ఎప్పుడూ వాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి. రెండోవాళ్లు ప్రతి పేజీలోనూ ఉంటారు గానీ "ఇటు తిరుగు, నవ్వు, కొంగు సర్దుకో" అన్న ఆజ్ఞల మధ్య బిగుసుకుని ఉంటారు. సగం పూట కెమెరా మారాలి. మారాక సలహాలివ్వకూడదు. ఫోను వంకరగా పట్టుకున్నా సరే, నోరు మెదపకండి. ఎదుటివాళ్లను వాళ్ల తీరున చేయనివ్వడం వ్యక్తిత్వంలో చాలా కష్టమైన పాఠం. కాలవగట్టు మీద నేర్చుకుంటే వంటింట్లోనూ పనికొస్తుంది.

వంటిల్లు అన్నాను కాబట్టి ఇదీ చెబుతాను. ఐదింటికి బయల్దేరాలంటే ఆవిడ మూడింటికి లేచి పులిహోర కలపాల్సి వస్తే, అది విహారం కాదు, అదనపు డ్యూటీ. దారిలో వేడి ఇడ్లీ దొరుకుతుంది. సీసాల్లో నీళ్లు, చల్లని మజ్జిగ ఆయన సర్దాలి. తిరుగు దారిలో తాటిముంజలు కొనుక్కోండి.

ఎండెక్కాక ఫొటోలు రావనుకోవడం పొరపాటు, నీడలోకి వెళ్తే వస్తాయి. బ్యారేజీ దాటితే ఉండవల్లి గుహలు. కొండను తొలిచి మలిచిన నాలుగంతస్తులు, లోపల పవళించిన అనంతపద్మనాభుడు. లోపల చీకటి. ఫ్లాష్ వేయకండి, రాతి లోతంతా చదునైపోతుంది. స్తంభానికి భుజం ఆనించి, మోచేతులు డొక్కలకు అదిమి, ఊపిరి బిగబట్టి తీయండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు కాబట్టి ట్రైపాడ్ కావాలంటే అనుమతి తీసుకోవాలి. వాకిలి పక్కన మనిషిని నిలబెడితే ముఖం మీద ఒకవైపు నుంచే వెలుగు పడుతుంది. స్టూడియోలో డబ్బిచ్చి పెట్టించుకునే లైటు అదే.

మరో ఆదివారం కొండపల్లి. తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపి అతుకులు పూడ్చి, బొమ్మకు రూపమిచ్చే చేతులు అక్కడున్నాయి. పెడనలో అయితే అచ్చులద్దిన కలంకారీ బట్టలు ఎండలో ఆరుతుంటాయి. ఇలాంటి చోట్ల ముందు కూర్చోండి, పని గురించి అడగండి. ఆ తర్వాతే ఫొటో తీసుకోవచ్చా అని అడగండి. తీశాక చూపించండి. పంపిస్తామని మాటిస్తే ఆ రాత్రే వాట్సాప్‌లో పంపండి. మాటిచ్చి మరిచిపోయే సందర్శకులను చూసి చూసి ఆ చేతులు విసిగిపోయాయి. పక్కన జీవితభాగస్వామి ఉన్నప్పుడు అపరిచితుడితో మనం ఎలా మాట్లాడతామో, అది మన ఇంటి మర్యాదకు నిజమైన పరీక్ష.

కాస్త దూరం పోగలిగితే పామర్రు మీదుగా కూచిపూడి, మొవ్వ, అక్కడినుంచి అవనిగడ్డ దాటి, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి. రోజంతా పట్టే ప్రయాణం. మిట్టమధ్యాహ్నం నీడపట్టున ఆగిపోండి. కొల్లేరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రాన్ని మాత్రం చలికాలానికి దాచుకోండి, గూడబాతుల సందడి అప్పుడే చూడాలి.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పదిన్నరకల్లా ఇల్లు చేరడమే మంచిది. ఫోనుకీ వడదెబ్బ ఉంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని తయారీదారే చెబుతుంది. మన మే నెల దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, గుడ్డ సంచిలో ఉంచండి.

ఎడాపెడా నొక్కకండి. లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు మ్యూజియంలో చేసిన ప్రయోగం 2014లో వెలువడింది. వస్తువును మొత్తంగా ఫొటో తీసినవాళ్లకు, ఊరికే చూసినవాళ్లకంటే అది తక్కువగా గుర్తుంది. ఒక్క భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవాళ్లకు మాత్రం జ్ఞాపకం చెక్కుచెదరలేదు. అంటే గుడి మొత్తం వద్దు, గడపకు రాసిన పసుపు చాలు. స్టేటస్‌లో పెట్టడానికి తీస్తే ఆనందం తగ్గుతుందని 2018లో వచ్చిన మరో అధ్యయనం తేల్చింది. నలుగురూ ఏమనుకుంటారోనన్న ఆలోచన ఆ క్షణాన్ని తినేస్తుంది. అందుకే ఒక రోజు ఆగి పెట్టండి. రాత్రి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆయనవి ఆవిడ, ఆవిడవి ఆయన చూసి, చెరొకటి ఎంచండి. మిగతావి తీసేయండి. ఎంచినవాటిని స్టూడియోలో ప్రింటు వేయించి వెనకాల తేదీ, ఊరు రాయండి.

ఈ శనివారం రాత్రే ఫోను ఛార్జింగుకి పెట్టి, అలారం నాలుగూ ముప్పావుకి పెట్టుకోండి. ఏ రేవుకి వెళ్లాలో మీ ఇంట్లో ఇన్నాళ్లూ కెమెరా పట్టనివాళ్లనే చెప్పమనండి.