పుస్తకం మూశాక నాలుగు వాక్యాలు

ఈమధ్య ఏం చదివారని అడిగితే చాలామంది హుషారుగానే ఒక నవల పేరు చెబుతారు. ఎలా ఉందని అడిగేసరికి గొంతు తగ్గుతుంది. "బాగుందండీ" అంటారు. ఏం బాగుందంటే "మొత్తం బాగుంది" అంటారు. ఇంకా వదలకుండా అడిగితే, ఎవరో పెద్దాయన ఆ నవల గురించి ఏమన్నాడో అప్పజెబుతారు. మూడు వందల పేజీలు చదివిన మనిషికి, పది గంటల ఆడియోబుక్ చెవిలో పెట్టుకుని విన్న మనిషికి సొంతంగా చెప్పడానికి నాలుగు ముక్కలు లేకపోవడం ఏమిటి? దీన్ని వినయం అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నట్టు. ఇది బద్ధకం. దాని వెనకాల నక్కి ఉన్నది భయం.

కటువుగా మొదలుపెట్టాను, తెలుసు. ఆ భయంతో నాకు చాలాకాలంగా పరిచయం కాబట్టే ఇంత కటువుగా మాట్లాడుతున్నాను. నలుగురిలో ఒక నవల ప్రస్తావన వస్తుంది. నేనది చదివే ఉంటాను. అందులో కొన్ని ఘట్టాలంటే నాకు ప్రాణం. అయినా నోరు పెగలదు. నేను మెచ్చినదాన్ని వాళ్లు తేలిక చేస్తారేమో, నాకు నచ్చనిది వాళ్లకి పూజనీయమేమో అని లోపల ఒకటే గుంజాటన. ముందు మాట్లాడినవాళ్ల మాటకి తలూపితే ఆ పూట గడిచిపోతుంది. ఈ పెనుగులాట నాలో ఇప్పటికీ పూర్తిగా చావలేదు. అయితే దాన్ని లొంగదీస్తున్న అలవాటు ఒకటి దొరికింది. మీకు చెప్పాలనుకున్నది అదే.

ముందు ఒక మాట. నవల మీద అభిప్రాయానికీ వ్యక్తిత్వానికీ ఏమిటి సంబంధం అంటారా? చాలా ఉంది. నవల గురించి ఏం మాట్లాడినా ఉద్యోగం పోదు, అప్పు పెరగదు, సంబంధం తప్పిపోదు. ఇంత క్షేమమైన చోట కూడా "నాకు ఇలా అనిపించింది" అనలేనివాడు, రేపు ఆఫీసులో మేనేజరు ముందు "ఈ గడువు చాలదండీ" అని ఎలా అనగలడు? పెళ్లిచూపులయ్యాక ఇంట్లో పెద్దవాళ్లు "నీ ఉద్దేశం ఏమిటమ్మా" అని అడిగితే, ఎప్పుడూ ఉద్దేశం చెప్పి అలవాటు లేని పిల్ల ఏం చెబుతుంది? పెద్ద విషయాల్లో నోరు లేవాలంటే చిన్న విషయాల్లో దానికి అలవాటు చేయాలి.

1950ల మొదట్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. గీతలు చూపించి, మొదటి గీతతో సమానంగా ఉన్నది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే జవాబు. కానీ గదిలో మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతుంటే, అసలు విషయం తెలియని మనిషి తన కళ్లతో చూసినదాన్ని పక్కనపెట్టి సగటున మూడోవంతు సార్లు వాళ్లనే అనుసరించాడు. ఆ గుంపులో ఒక్కడు సరైన జవాబు చెప్పినా చాలు, ఇతనికి ధైర్యం వచ్చేది. గీతల పొడవు దగ్గరే ఇలా ఉంటే నవలల దగ్గర చెప్పేదేముంది? అందుకే అంటున్నాను, మందిమాట చెవిన పడకముందే మీ మాట కాగితం మీద పడాలి.

అదే నా అలవాటు. నవల ముగించి పుస్తకం మూశాక, ఆడియోబుక్ అయితే చివరి అధ్యాయం విన్నాక, ఎవరి సమీక్షా చూడకుండా, ఎవరినీ అడగకుండా నోటుబుక్కులో నాలుగు వాక్యాలు రాయడం. నాలుగే. ఐదోది రాయాలనిపిస్తే రాయండి. మూడుతో ఆగడానికి మాత్రం వీల్లేదు. ఆ నాలుగూ ఏమిటో, ఈమధ్య చదివినవీ విన్నవీ ఉదాహరణగా పెట్టి చెబుతాను.

మొదటి వాక్యం: ఎక్కడ ఆగాను? కథంతా మళ్లీ చెప్పనక్కర్లేదు. మీరు కదల్లేకపోయిన చోటు ఒక్కటి పట్టుకోండి. డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చిన్న నవల. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి వెళతాడు. ఆయనకి పేరు కూడా ఉండదు. చదివాక ఇలా రాసుకున్నాను: "చీకట్లో ఆ ముసలాయన అడవిని చెవులతో, ముక్కుతో పసిగట్టిన చోటల్లా ఆగాను. నేను బతికే ఊరిని కూడా నేనంత శ్రద్ధగా వినలేదు." సాహిత్య విమర్శ అంటే ఇది కాదంటారు కొందరు. కాకపోతే పోనివ్వండి. అది నా వాక్యం. ఇంకెక్కడా దొరకదు.

రెండో వాక్యం: ఏ పాత్ర పట్ల నాకు ఏమనిపించింది, ఎందుకు? ఈ 'ఎందుకు' దగ్గరే మనుషులు జారుకుంటారు. జారుకోనివ్వకండి. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. అందులో ఇందిర గురించి ఇప్పటికీ వాదించుకుంటారు. స్వార్థపరురాలని ఒకరు, కాలానికి ముందు పుట్టిన మనిషని ఇంకొకరు. నేను రాసుకున్నది వేరు: "ఇందిర తన బతుకు తనే ఈడ్చుకొస్తోంది కాబట్టి ఆమె దురుసుతనం నాకు నచ్చింది. ప్రకాశాన్ని చూస్తే భయం వేసింది. ఎటూ తేల్చుకోలేని ఆ మెత్తదనం నాలోనూ ఉంది." ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. రాశాక మాత్రం నవలే కాదు, నేనూ కాస్త అర్థమయ్యాను. పాత్రల మీద మన కోపతాపాలు ఊరికే రావు. వాటిని కదిపితే మన గుట్టు బయటపడుతుంది. వ్యక్తిత్వ వికాసం పేరుతో వేలు పోసి కోర్సుల్లో చేరేవాళ్లు ఈ పని పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే చేసుకోవచ్చు.

మూడో వాక్యం: ఏది నచ్చలేదు? ఇక్కడ అందరి చేతులూ వణుకుతాయి, నా చేయి కూడా. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' తీసుకోండి. 1934లో ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు. 29 రోజుల్లో పూర్తయిందంటారు. అంతటి గ్రంథం గురించి నచ్చనిదేమిటో రాయడానికి మనమెంత అనిపిస్తుంది. అయినా రాశాను: "పసిరిక, గిరిక ఉన్న పేజీల దగ్గర నన్ను నేను మరిచిపోయాను. ధర్మారావు చర్చలు సాగేకొద్దీ అలిసిపోయాను. పాత వర్ణవ్యవస్థను ఆ నవల చూసే చూపుతో నేను ఏకీభవించలేను." ఆకాశం ఊడిపడలేదు. విశ్వనాథ గౌరవం తగ్గలేదు. పైపెచ్చు నాకు ఆ నవల మీద ప్రేమ పెరిగింది. నచ్చనిదాన్ని విడిగా పెట్టగలిగాక నచ్చినదాన్ని నిండుగా మెచ్చుకోగలిగాను. గుర్తుంచుకోండి, పెళ్లి భోజనం ఎలా ఉందో పక్కవాడి విస్తరి చూసి ఎవరూ చెప్పరు. పుస్తకం సంగతీ అంతే.

నాలుగో వాక్యం: దీన్ని ఎవరికి ఇస్తాను? అందరూ చదవాల్సిన పుస్తకం అని రాయకండి. ఒక మనిషి పేరు రాయండి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' చదివాక నేను మా మేనల్లుడి పేరు రాశాను. ఇంటర్వ్యూలో నోరు పెగలని ఒక కుర్రవాడు, కరువుకాలంలో గొర్రెల మందతో నల్లమల ఎక్కి, అక్కడ భయాన్ని జయించే కథ అది. 2019లో తానా బహుమతి అందుకుంది, 2021లో సినిమాగా వచ్చింది. మావాడూ ఇంటర్వ్యూలంటే బిక్కచచ్చిపోయే రకం. పుస్తకం ఇచ్చి ఊరుకున్నాను. చదివాక ఫోన్ చేశాడు. "మామయ్యా, అతను పెద్ద ఉద్యోగం సంపాదించడం నాకంత ముఖ్యం అనిపించలేదు. అడవిలో మందని కాసుకున్న రాత్రులే అసలు కథ. ఉద్యోగం రాకపోయినా అతను గెలిచినట్టే కదా?" అన్నాడు. నేను ఆ కోణంలో ఆలోచించనే లేదు. నా నోటుబుక్కులో ఉన్నది తీసి చదివి వినిపించాను. వాడు ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. మా ఇద్దరి మధ్య అంత మంచి సంభాషణ అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. ఇంటర్వ్యూలో వణికే పిల్లవాడు మామయ్యతో కారణం చూపించి వాదించాడు. ఇంతకన్నా వికాసం ఏం కావాలి?

ఇక ఆడియోబుక్కుల సంగతి. వినడం చదవడం కిందికి రాదని ముఖం చిట్లించేవాళ్లున్నారు. వాళ్లకి ఒకటే జవాబు. 'వేయిపడగలు' కాగితం మీదికి రాకముందే ఒక తమ్ముడి చెవిన పడింది. విజయవాడ రేడియోలో 'గణపతి' నాటకం విని పడిపడి నవ్విన తరాన్ని ఎవరూ తక్కువ చేయలేదు. 2016లో అమెరికాలో కొందరు పరిశోధకులు, ఒకే పుస్తకంలోని భాగాన్ని చదివినవాళ్లకీ విన్నవాళ్లకీ అర్థమైన తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. కళ్లు అలిసిపోయిన పెద్దవాళ్లకి, వంటింట్లో చేయి ఖాళీ లేని గృహిణికి, గంటల తరబడి బస్సులో వేలాడే ఉద్యోగికి, తెలుగు మాట్లాడటం వచ్చి అక్షరాలు రాని డాలస్ పిల్లలకి ఆడియో ఒక వరం. దాసుభాషితం లాంటి యాప్‌లు తెలుగు పుస్తకాల్ని చెవికి అందిస్తున్నాయి. వాడుకోండి.

ఈమధ్య బస్సులో 'బారిస్టర్ పార్వతీశం' విన్నాను. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో మొదటి భాగం తెచ్చిన నవల. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరీ చదవడానికి ఇంగ్లండు బయలుదేరి, దారిలో దొరసానులు పెట్టుకునే టోపీ కొనుక్కుంటాడు. కథంతా పార్వతీశమే చెప్పుకుంటాడు కాబట్టి, గొంతు కుదిరితే పుస్తకంలో కంటే ఎక్కువ పండుతుంది. ఈసారి నా మొదటి వాక్యం: "నవ్వించిన ప్రతిచోటా వెనకాల ఒక ఒంటరి పిల్లవాడు వినిపించాడు." కళ్లతో చదివినప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు.

అయితే ఆడియోలో ఒక ప్రమాదం ఉంది. మన ధ్యాస పక్కకి పోయినా ఆ గొంతు ఆగదు. మనసు ఇంటి వాయిదాల మీదికి, కొడుకు మార్కుల మీదికి వెళ్లి వచ్చేసరికి రెండు అధ్యాయాలు దాటిపోతాయి. నాది మరీ చెదిరిపోయే మనసు, దాన్ని కూర్చోబెట్టడం నాకు రోజూ యుద్ధమే. అందుకే విన్న పుస్తకానికి రాతకన్నా నోటిమాట మేలు అంటాను. ఇయర్‌ఫోన్లు తీసి, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ నొక్కి, ఆ నాలుగు వాక్యాలూ పైకి చెప్పండి. మొదట్లో మీ గొంతు మీకే పరాయిగా వినిపిస్తుంది. ఫరవాలేదు. నలుగురిలో పెగలని నోరు ముందు ఒంటరిగా పెగలాలి కదా. చదివే గొంతు గురించి కూడా ఒక మాట చేర్చండి. రాయలసీమ మాటని ఆ యాసలో పలికిందా, వార్తలు చదివినట్టు చదివిందా, దుఃఖం దగ్గర అతి చేసిందా? చెవికి కూడా అభిరుచి ఏర్పడాలి.

ఈ నాలుగు వాక్యాల వల్ల ఇంకో లాభం, జ్ఞాపకం. 2006లో ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కన్నా, ఒకసారి చదివి గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ నిలిచిందని చూపించారు. "చదివినవేవీ గుర్తుండటం లేదండీ" అని వాపోయేవాళ్లూ, వింటున్నారా? గుర్తుతెచ్చుకునే పని పెట్టకపోతే ఏ బుర్రా గుర్తుంచుకోదు.

ప్రతి నోటుకీ తేదీ వేయండి. అభిప్రాయం మారడం నేరం కాదు. రావిశాస్త్రి 'అల్పజీవి'ని చిన్నప్పుడు చదివినప్పుడు సుబ్బయ్య అంటే నాకు ఒళ్లుమంట. అందరికీ భయపడుతూ నడిచే మనిషిని భరించలేకపోయాను. ఈ ఏడాది మళ్లీ చదివితే అతని భుజం మీద చేయి వేయాలనిపించింది. రెండు నోట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ మధ్యకాలంలో నాకేం జరిగిందో తెలిసింది.

మిగతా సలహాలు గబగబా చెప్పేస్తాను. నచ్చని నవలని సగంలో వదిలేయండి. ఆ హక్కు పాఠకుడికి ఉందని ఫ్రెంచి రచయిత డానియల్ పెనాక్ 1992లోనే రాశాడు. వదిలేసినందుకు కారణం మాత్రం ఒక వాక్యం రాయండి. ఆడియోని రెట్టింపు వేగంతో పరిగెత్తించకండి. చదివేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఏడాదికి ఇన్ని పుస్తకాలని లెక్కలు కట్టకండి. కొత్త రచయితని ఒకరిని, పాత రచయితని ఒకరిని మార్చి మార్చి చదవండి. థ్రిల్లరో ప్రేమ నవలో నచ్చితే సిగ్గుపడకండి. యద్దనపూడి, యండమూరి నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరమే తెలుగు పత్రికల్ని నిలబెట్టింది.

"నాకు సాహిత్యం గురించి ఏం తెలుసని" అనే మాట ఇకమీదట కట్టిపెట్టండి. పండితుడి అభిప్రాయానికి చదువు కావాలి. పాఠకుడి అభిప్రాయానికి నిజాయితీ చాలు. మీకు ఏం అనిపించిందో మీకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఈ లోకంలో లేరు.

ఇప్పుడు లేవండి. చివరిసారి పూర్తి చేసిన నవల ఏదో గుర్తుతెచ్చుకోండి. ఎక్కడ ఆగారు, ఎవరి పట్ల ఏమనిపించింది, ఏది నచ్చలేదు, ఎవరికి ఇస్తారు? ఈ నాలుగూ ఈ రాత్రికే రాయండి. మొదటి ప్రయత్నంలో వాక్యాలు పేలవంగా వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు ఉంచండి, కొట్టేయకండి. కొన్ని పుస్తకాలు గడిచాక ఎవరో "ఎలా ఉందండీ" అని అడుగుతారు. అప్పుడు మీరు ఎవరి ముఖమూ చూడకుండా, కారణంతో సహా జవాబు చెబుతారు. ఎదుటివాళ్లు కాదన్నా కంగారు పడకుండా వాళ్ల కారణం అడుగుతారు. ఆ స్థిమితం మీరు సంపాదించుకోగలరు. నాలాంటివాడికే వస్తోంది, మీకెందుకు రాదు?