పాత డీజిలు జీపులో ఎగ్జాస్టు మానిఫోల్డు గ్యాస్కెట్టు మార్చుట

ఎరువుల బస్తాలు, విత్తనములు, కూరగాయలు మోయుటకు పల్లెలలో పాత డీజిలు జీపులను నేటికిని వాడుచున్నారు. ఈ బండ్లలో తరచుగా వచ్చు లోపములలో ఎగ్జాస్టు మానిఫోల్డు గ్యాస్కెట్టు కాలిపోవుట ఒకటి. "చప్పుడే గదా, బండి నడచుచున్నది" అని చాలమంది ఉపేక్షింతురు. కాని సందులోనుండి వెలువడు వేడి పొగ ఇనుమును క్రమముగా తినివేయును. అప్పుడు గ్యాస్కెట్టుతో తీరవలసిన పని లేతు మిషను వరకు పోవును.

మానిఫోల్డు అనునది సిలిండరు హెడ్డునుండి వచ్చు పొగను ఒకచోట చేర్చి సైలెన్సరు గొట్టములోనికి పంపు పోత ఇనుప భాగము. హెడ్డుకును దీనికిని నడుమ పొగ బయటకు రాకుండ బిగించు పలుచని బిళ్ళయే గ్యాస్కెట్టు.

ఎందుకు పాడగును?

ఇనుము వేడికి పెరుగును, చల్లారిన తగ్గును. అర మీటరు పొడవుగల పోత ఇనుము 500 డిగ్రీల సెంటిగ్రేడు మేర వేడెక్కినచో రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగును. బండి నడచిన ప్రతిసారి మానిఫోల్డు ఇట్లు కదలుచుండుటచే చివరి స్టడ్డులపై ఎక్కువ ఒత్తిడి పడును. కనుక చివరి నట్లే ముందు వదులగును, చివరి స్టడ్డులే ముందు విరుగును. వేడిగానున్న ఇంజనుపై చన్నీళ్ళు పోసి కడుగుటచే మానిఫోల్డు పగులుట గూడ కలదు.

గుర్తులు

1. ఉదయమున స్టార్టు చేసినప్పుడు "టిక్ టిక్" మను శబ్దము వచ్చి, ఇంజను వేడెక్కిన కొలది తగ్గును. ఇనుము పెరిగి సందు మూసుకొనుటయే ఇందుకు కారణము.
2. అతుకువద్ద నల్లని మసి చార కనుపించును.
3. బానెటు క్రిందనుండియు, లోపల కూర్చున్నవారికిని పొగ వాసన తగులును.

ఈ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉండును. దీనికి రంగుగాని, వాసనగాని లేదు. డీజిలు బండ్లలో ఇది పెట్రోలు బండ్లకంటె తక్కువయైనను, మూసిన పాకలో ఇంజను నడపరాదు. తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట కలిగినచో వెంటనే ఇంజను ఆపి ఆరుబయటకు రావలెను. ఇంతేగాక బానెటు లోపల చేరిన గడ్డిపొట్టు, నూనె మరకలు ఈ వేడి పొగ తగిలి అంటుకొనవచ్చును.

విప్పు విధానము

ముందురోజు సాయంత్రము, చల్లారిన ఇంజనుపై, ప్రతి నట్టు మొదటను తుప్పు వదలించు నూనె వేయవలెను. ఉదయమున మరల వేయవలెను. ఇంజను పూర్తిగా చల్లగా నున్నప్పుడే పని ప్రారంభింపవలెను. మొదట బ్యాటరీ తీగ ఊడదీసి, తరువాత సైలెన్సరు గొట్టము బోల్టులు విప్పవలెను. మానిఫోల్డు నట్లను చివరలనుండి నడుమకు కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. రాని నట్టును బలవంతము చేయరాదు. కొంచెము బిగించి, మరల వదులు చేసి, నూనె వేయుచుండవలెను. స్టడ్డు విరిగినచో మెకానిక్కుచేత తీయించుట మేలు. అందుకు గ్యాసు మంట వాడవలసి వచ్చినచో డీజిలు గొట్టములకు దూరముగా వాడవలెను. మానిఫోల్డు బరువైనది గనుక చివరి నట్టు తీయునప్పుడు రెండవ మనిషి పట్టుకొనవలెను.

శుభ్రపరచుట

పాత గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము. కనుక ఎండినదానిని గీకరాదు, గాలితో ఊదరాదు. నీటితో బాగుగా తడిపి మెల్లగా తీసి, సంచిలో మూటగట్టి పారవేయవలెను. ముక్కుకు తగిన ముసుగు ధరింపవలెను. హెడ్డు రంధ్రములలో గుడ్డలు కుక్కి పని చేసి, బిగించుటకు ముందు వాటిని లెక్కపెట్టి తీయవలెను.

తరువాత తిన్నని స్టీలు బద్దను మానిఫోల్డు ముఖముపై ఆనించి, ఫీలరు గేజి రేకుతో వంపు చూడవలెను. బండి పుస్తకములో చెప్పిన హద్దు మించినచో లేతు పనివానివద్ద ముఖము తీయింపవలెను. వంగిన మానిఫోల్డుకు కొత్త గ్యాస్కెట్టు వేసినను అది నిలువదు.

బిగించు విధానము

పాత గ్యాస్కెట్టును తిరిగి వాడరాదు. కొత్తదానిని ముందు పొడిగా ఆనించి, రంధ్రములన్నియు సరిపోయినవో లేవో చూడవలెను. పుస్తకములో చెప్పనిచో జిగురు పూయరాదు. నట్లను చేతితో తిప్పి అన్నింటిని ఆనించిన తరువాత, నడుమనుండి చివరలకు, రెండు మూడు విడతలుగా పానాతో బిగింపవలెను. 8 మిల్లీమీటర్ల స్టడ్డులకు సాధారణముగా 20 నుండి 25 న్యూటన్ మీటర్ల బిగువు చాలును. అయినను బండి పుస్తకములోని లెక్కయే ప్రమాణము. అతిగా బిగించినచో స్టడ్డు విరుగును, వదులుగా నున్నచో గ్యాస్కెట్టు మరల కాలును.

బండిని ఆరుబయట స్టార్టు చేసి, చెవివద్ద పెట్టుకొన్న రబ్బరు గొట్టము రెండవ కొనను అతుకు పొడవునా త్రిప్పుచు శబ్దము వినవలెను. గొట్టము ఫ్యానుకు, బెల్టుకు తగులరాదు. ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారిన పిమ్మట నట్లను మరల చూచుకొనవలెను. కొన్ని కొత్త రకముల గ్యాస్కెట్లను తిరిగి బిగింపరాదని డబ్బాపై వ్రాసియుండును, అట్టివానిని ముట్టరాదు.

పంటకాలమునకు ముందే, తీరికగానున్న దినములలో ఈ పని ముగించుకొన్నచో, బస్తాలు మోయవలసిన నాడు బండి షెడ్డులో పడియుండదు.