కోడిగుడ్డు, బొటనవేలు, ఒక బత్ నూనె

ఒక 'బత్' నూనె అంటే ఎన్ని లీటర్లు? ఒక పుస్తకం 22 అంటుంది, మరొకటి 39 అంటుంది. దాదాపు రెట్టింపు తేడా! ఎవరి లెక్క తప్పు? రండి, మనమే కొలిచి చూద్దాం.

బత్ అనేది ప్రాచీన హీబ్రూ ప్రజల కొలత. నూనె, ద్రాక్షారసం వంటి ద్రవాలను దానితో కొలిచేవారు. ధాన్యానికి అంతే పరిమాణం గల 'ఏఫా' ఉండేది. అన్నిటికన్నా చిన్నది 'లోగ్'. మనకు 4 మానికలు ఒక కుంచమైనట్లే, వారికి 4 లోగ్‌లు ఒక కబ్, 6 కబ్‌లు ఒక సెయా, 3 సెయాలు ఒక ఏఫా. గుణించండి: 4 × 6 × 3 = 72. అంటే బత్‌కు 72 లోగ్‌లు. 10 ఏఫాలు ఒక 'హోమెర్'; ఏఫాలో పదోవంతు 'ఓమెర్'. ఇక్కడ జాగ్రత్త! ముందున్న 'హ' జారిపోయిందంటే మీ లెక్క 100 రెట్లు తప్పుతుంది.

ఈ నిష్పత్తులలో పేచీ ఏమీ లేదు. చిక్కంతా లోగ్ దగ్గరే ఉంది. అది ఎన్ని మిల్లీలీటర్లో తెలిస్తే తక్కినవన్నీ గుణకారమే.

యూదు మతపండితులు లోగ్‌ను 6 కోడిగుడ్ల పరిమాణంగా లెక్కించారు. ఇది మీరూ చేయగల ప్రయోగం. ఒక పళ్ళెంలో గ్లాసు పెట్టి, అంచు దాకా నీళ్ళు నింపండి. తాజా గుడ్డును చెంచాతో మెల్లగా దించండి. పళ్ళెంలోకి పొర్లిన నీటిని కొలజాడీలో పోయండి. ఫారం కోడిగుడ్డయితే సుమారు 50 ఘన సెంటీమీటర్లు వస్తుంది. (నాటుకోడి గుడ్డయితే ఇంకా తక్కువ, అసలు ఏ కోడి గుడ్డు అన్నదే మొదటి చిక్కు!) 6 గుడ్లు 300, దానికి 72 రెట్లు 21,600. అంటే బత్ 21.6 లీటర్లు.

ఆ పండితులే మరో కొలత కూడా ఇచ్చారు. పొడవు 2 బొటనవేళ్ళు, వెడల్పు 2, లోతు 2.7 ఉన్న పాత్రలో పావు లోగ్ పడుతుంది. వేలి వెడల్పు 2 సెంటీమీటర్లయితే పావు లోగ్ 10.8 × 8 = 86.4 మిల్లీలీటర్లు, బత్ 24.9 లీటర్లు. గుడ్డు లెక్కకు దగ్గరగానే ఉంది. అదే వేలు 2.4 సెంటీమీటర్లయితే? 2.4ను ఘనం చేస్తే 13.824. పావు లోగ్ 149 మిల్లీలీటర్లు, బత్ 43 లీటర్లు! వేలిలో తేడా 4 మిల్లీమీటర్లే. కాని పొడవు 1.2 రెట్లయితే ఘనపరిమాణం 1.2 × 1.2 × 1.2, అంటే సుమారు 1.73 రెట్లవుతుంది.

ఇది ఉత్త లెక్కల సరదా కాదు. పస్కా పండుగ రాత్రి యూదులు తాగవలసిన నాలుగు పాత్రలలో ఒక్కొక్కటి కనీసం పావు లోగ్ పట్టాలి. అందుకే 18వ శతాబ్దంలో ప్రాగ్ నగర మతపండితుడు ఎజెకియేల్ లాండావ్ వేలితోనూ, గుడ్డుతోనూ కొలిచి చూశాడు. రెండూ పొసగలేదు. వేలు మారలేదనీ, గుడ్లే పూర్వంకంటే సగానికి చిన్నవయ్యాయనీ తేల్చాడు! 20వ శతాబ్దంలో కూడా 86 మిల్లీలీటర్లని ఒక పక్షం, 150 అని మరో పక్షం నిలిచాయి.

తవ్వకాలేమంటున్నాయి? 'బత్' అని రాసిన జాడీ పెంకులు దొరికాయి. ఆల్‌బ్రైట్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు వాటి ఆధారంగా పూర్తి జాడీని ఊహించి, సుమారు 22 లీటర్లన్నాడు. ఇక 39 ఎక్కడిది? 1వ శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్, బత్ అంటే 72 సెక్‌స్టేరియస్‌లని రాశాడు. ఈ రోమన్ కొలత సుమారు 0.54 లీటరు. 72 × 0.54 = 38.88. కాని ఆయన ఆ జాడీల కాలానికి ఎన్నో వందల ఏళ్ళ తరువాతివాడు. ఒకే పేరుగల కొలత అన్నేళ్ళూ మారకుండా ఉందనుకోలేం. కనుక యూదా రాజుల కాలానికి నేనైతే 'సుమారు 22 లీటర్లు' అని రాస్తాను. '21.6' అని మాత్రం రాయను. గుడ్డుతో కొలిచి దశాంశ స్థానాలు చూపించడం తగదు.

బత్‌కు 6 'హిన్‌'లు. మీ ఇంటి గుడ్డుతో ఒకసారి, మీ బొటనవేలితో మరోసారి హిన్ ఎంతో కట్టి చూడండి. తరువాత మీ నాన్నగారి వేలితో కూడా.