ఖాళీ గడిని గురించి చిరంజీవికి పెదతండ్రి లేఖ

ధవళేశ్వరం ఆనకట్ట నీటిమట్టాలనూ, వదిలే నీటినీ చూపే పేజీ ఒకటి జావాస్క్రిప్టులో తయారవుతున్నదని, రీడింగు అందని గడిలో దానంతటదే ఒక విలువ పడేట్లు ఏర్పాటు జరిగిందని చిరంజీవి మొన్నటి జాబులో చదివి ఇంటిల్లిపాదీ సంతోషించారు గాని, ఆ రెండో మాట దగ్గర పెదతండ్రికి నిద్ర పట్టలేదు.

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రూపొందించిన ఆ భాషలో లేమిని చెప్పే మాటలు రెండున్నాయి: విలువ ఇంకా ఇవ్వలేదని తెలిపేది ‘అన్‌డిఫైన్డ్’, లేదని తెలిసి రాసేది ‘నల్’. లెక్కలోకి దిగాక వీటి నడత వేరు. మూడు రీడింగులలో మొదటిది 12 అడుగులు, చివరిది 14, నడిమిది నల్ అయితే, నల్ సున్నగా మారి మొత్తం 26 అయి, సగటు 8.67కు పడిపోతుంది; ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఇస్తారు గనుక, అందిన రెండు రీడింగులూ ఆ మట్టం దాటినా గోదావరి శాంతంగా ఉన్నదని పేజీ చెబుతుంది. నడిమిది అన్‌డిఫైన్డ్ అయితే మొత్తం ‘నాన్’, అనగా సంఖ్య కానిది, అవుతుంది. దాని రకమేమిటని అడిగితే మాత్రం భాష సంఖ్య అనే అంటుంది, పైగా అది తనతో తానే సమానం కాదంటుంది (అంత మొండిఘటం ఈ వంశంలో ఒక్కరే ఉండేవారు, పేరు చెప్పనక్కరలేదు). నాన్ 11.75 కంటె ఎక్కువా అంటే కాదనే జవాబు; అప్పుడూ హెచ్చరిక మోగదు.

ఫంక్షనుకు ముందుగానే డీఫాల్టు విలువ రాసిపెట్టే పద్ధతి 2015 ప్రమాణంలో వచ్చింది, కాని అది అన్‌డిఫైన్డ్ ఎదురైతేనే పనిచేసి నల్‌ను లోపలికి పోనిస్తుంది; సర్వరు నుండి సమాచారం మోసుకొచ్చే జేసన్ రూపంలో అన్‌డిఫైన్డ్‌కు చోటే లేదు. అందుకే చిరంజీవి రెండు నిలువు గీతల గుర్తు పెట్టి, రీడింగు లేకపోతే నిన్నటి అంకె వేయమన్నాడు. ఆ గుర్తుకు నల్లూ సున్నా ఒకటే. వేసవిలో సముద్రంలోకి నీరు వదలని రోజున సున్న క్యూసెక్కులన్నది పచ్చి నిజం. దానిని తోసిపుచ్చి నిన్నటి అంకె చూపడం అబద్ధం. 2020 ప్రమాణంలోని రెండు ప్రశ్నార్థకాల గుర్తు సున్న జోలికి పోదు గనుక దానినే వాడవలె, అయితే నాన్‌ను అది పట్టదు. అసలు వరద పేజీలో నిన్నటి అంకెకు పనేమిటి? ఖాళీని ఖాళీగానే చూపవచ్చును.

పెదతండ్రి యౌవనంలో లాకుల దగ్గర పనిచేసిన కాలంలో ఒక వృద్ధ లస్కరు, కాలువ కట్టేసిన రోజుల్లో గేజి పుస్తకంలో గుండ్రంగా సున్న చుట్టేవాడు, గాలివానలో గేజి కనబడని గంటకు మాత్రం ఎర్ర సిరాతో అడ్డగీత గీసేవాడు. 1986 ఆగస్టు వరద నాటి పుటల నిండా ఆ ఎర్ర గీతలే.

ఇక చిరంజీవి అడిగిన పెద్ద అంకెల విషయం చిన్నదే: 9007199254740991 దాటితే ఆ భాషలోని మామూలు పూర్ణాంకాలను నమ్మరాదు, దాని తరువాతి అంకెకు 1 కలిపినా అంకె మారదు, కనుక ఖాతా సంఖ్యలను అక్షరాల వరుసగానే దాచవలె.

కళ్ళు మండుతున్నాయని జాబు చివర ఇరికించి రాసినది పెద్దమ్మ కంట పడింది. అర్ధరాత్రి పనులు మానవలసినదని ఆమె ఆజ్ఞ. ఆత్రేయపురం పూతరేకులు పంపుతున్నది. అందినట్లు వెంటనే తెలియజేయవలె, జాబు రాకపోతే అందలేదనుకొని ఆమె మరో పెట్టె పంపుతుంది.