ఎదకు రాలేదని చూడి అనుకోవద్దు
‘పి.ఆర్.’ పరీక్ష అంటే ఏమిటి? ఎప్పుడు చేయించాలి?

బర్రెకు ఎద సూది వేయించి మూడు వారాలు దాటింది. మళ్లీ ఎదకు రాలేదు. ‘ఇక కట్టినట్టే’ అని నిశ్చింతగా ఉండే రైతులు నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఏడెనిమిది నెలలు గడిచినా పొదుగు దిగదు. అప్పుడు డాక్టరుకు చూపిస్తే కడుపులో ఏమీ లేదని తేలుతుంది. అన్ని నెలలు వేసిన జొన్న చొప్ప, వరిగడ్డి, తవుడు అంతా దండుగే. ఒకటి రెండు బర్రెలతో ఇల్లు గడిపే చిన్న రైతుకు ఇది మామూలు దెబ్బ కాదు. ఈ నష్టాన్ని తప్పించేది కొద్ది నిమిషాల్లో అయిపోయే ఒక పరీక్ష.

మాటకు అర్థం

పశువైద్యశాలలో చీటీ మీద ‘పి.ఆర్.’ అని రాస్తారు. ‘పర్ రెక్టం’ అనే లాటిన్ మాటకు అది పొట్టి రూపం. పర్ అంటే గుండా. రెక్టం అంటే పురీషనాళం, అంటే పేడ బయటికి వచ్చే ముందు నిలిచే పెద్ద పేగు చివరి భాగం. ఆ పేగులోకి చెయ్యి పోనిచ్చి లోపలి అవయవాలను తడిమి చూడటమే ఈ పరీక్ష.

చూడి తెలుసుకోవడానికి పేగులో చెయ్యి ఎందుకని అడగవచ్చు. పశువులో గర్భసంచి సరిగ్గా ఈ పేగు కిందనే ఉంటుంది. పేగు గోడ పలచన. గుడ్డ మీది నుంచి కాయను తడిమినట్టు, ఆ గోడ మీది నుంచే గర్భసంచిని, అండాశయాలను చేతితో గుర్తుపట్టవచ్చు. చెయ్యి గర్భసంచిలోకి పోదు. అందుకే సరైన సమయంలో, అనుభవం ఉన్నవారు చేస్తే కడుపులోని దూడకు భయం లేదు.

ఈ పరీక్ష చూడి కోసమైతే ‘పి.డి.’ అని కూడా రాస్తారు. అది చూడి నిర్ధారణ. పక్కన ‘పాజిటివ్’ అని ఉంటే కట్టింది, ‘నెగటివ్’ అని ఉంటే కట్టలేదు. పేడ పరీక్ష వేరు. అది కడుపులో పాములు, జలగలు ఉన్నాయా అని పేడను సూక్ష్మదర్శినిలో చూసేది. మనుషుల ఆస్పత్రిలో కూడా ఇదే పేరుతో పరీక్ష ఉంది. మొలలు, రక్తం పడటం వంటి బాధలున్నప్పుడు డాక్టరు తొడుగు వేసుకుని వేలితో చూస్తారు. సన్నని గొట్టంతో పెద్ద పేగు లోపలంతా చూసేది కొలనోస్కోపీ. ఆ బాధలున్నవారు సిగ్గుపడి దాచుకోవద్దు.

ఎప్పుడు చేయించాలి?

సూది వేయించిన తర్వాత 60 నుంచి 90 రోజుల మధ్య చేయించడం మంచిది. రెండు నెలలకు కడుపులో దూడ చిట్టెలుకంత, మూడు నెలలకు పందికొక్కు పిల్లంత ఉంటుంది. గర్భసంచి ఒక కొమ్ము పెద్దదై, లోపల నీరు ఉన్నట్టు చేతికి తెలుస్తుంది. నాలుగైదు నెలలకు గర్భసంచి బరువుకు కిందికి జారుతుంది కాబట్టి దూడ అందకపోవచ్చు. అప్పుడు గర్భసంచికి పోయే రక్తనాళం జుమ్ముమని కొట్టుకోవడాన్ని బట్టి గుర్తుపడతారు. తొందరపడి ముందే గట్టిగా నొక్కి చూస్తే పిండం పోయే ప్రమాదం ఉంది.

ఎద రాకపోవడానికి కారణాలెన్నో

ఆవు, బర్రె సుమారు 21 రోజులకొకసారి ఎదకు వస్తాయి. కట్టితే ఎద ఆగుతుంది, నిజమే. కానీ ఎద ఆగిన ప్రతిదీ కట్టినట్టు కాదు. బర్రెల్లో మూగ ఎద ఎక్కువ. అరుపు, తీగలు పెద్దగా కనిపించక ఎద వచ్చి పోయినా మనకు తెలియదు. మేత చాలక, ఖనిజ లవణాలు తగ్గి అండాశయాలు పనిచేయకపోవచ్చు. గర్భసంచిలో చీము చేరినా ఎద ఆగుతుంది. వట్టి కడుపు అని తేలితే ఎందుకు కట్టలేదో కూడా చాలావరకు ఈ పరీక్షలోనే బయటపడుతుంది. వైద్యం వెంటనే మొదలుపెట్టవచ్చు.

కాలం లెక్క

మన మెట్ట ప్రాంతంలో ఈ లెక్క మరీ ముఖ్యం. దసరాకు సూది వేయిస్తే సంక్రాంతికి మూడు నెలలు. అప్పుడు పరీక్ష చేయించి లేదని తెలిస్తే, ఎండలు ముదరకముందే మళ్లీ ఒకటి రెండు ఎదలు దొరుకుతాయి. ఊరుకుంటే ఉగాది వస్తుంది. ఎండల్లో బర్రెలు సరిగా ఎదకు రావు. మళ్లీ వానలు పడి, చల్లబడేదాకా ఆగాల్సిందే. ఒక ఈత వెనకబడినట్టే. అదే దసరా సూది నిలిస్తే, బర్రె చూడికాలం సుమారు 310 రోజులు కాబట్టి శ్రావణమాసంలో ఈనుతుంది. అప్పటికి పచ్చిమేత కూడా అందుతుంది. ఆవుకైతే చూడికాలం సుమారు 280 రోజులు.

అంగడిలో కొనేటప్పుడు

దేవరకద్ర, పెబ్బేరు, మాల్ వంటి అంగళ్లలో ‘ఐదు నెలల చూడి’ అనే మాట మీదనే ధర పెరుగుతుంది. పొట్ట చూసి నమ్మవద్దు. ఎండుగడ్డి తిని నీళ్లు తాగిన బర్రె కడుపు కూడా నిండుగానే కనిపిస్తుంది. వీలైతే డాక్టరుతో చూపించి, ఆ తర్వాతే బేరం ముగించండి.

పరీక్ష సమయంలో జాగ్రత్తలు

* పశువును బోనులోనో, గుంజకు గట్టిగా కట్టో నిలబెట్టాలి. తోక పక్కకు పట్టుకోవాలి. కొట్టవద్దు, బెదిరించవద్దు.

* పరీక్ష చేసేవారు గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు తీసి, భుజం దాకా తొడుగు వేసుకోవాలి. సబ్బు నీళ్లు రాసి, ముందు పేడ తీసేయాలి. ఒక్కో పశువుకు తొడుగు మార్చమని అడగండి. ఈసుకుపోయే రోగం ఒకదాని నుంచి మరొకదానికి అంటకుండా ఉంటుంది.

* పేగు బిగిసినప్పుడు బలవంతం చేయకూడదు. తొడుగుకు రక్తం ఎక్కువగా అంటితే వెంటనే ఆపాలి.

* పరీక్ష తెలిసినవారితోనే చేయించండి. పక్కింటివాళ్లు చూశారు కదా అని మీరు చెయ్యి పెట్టవద్దు.

సూది వేసింది డాక్టరైనా, గోపాలమిత్ర అయినా తేదీ రాయించుకోండి. ఇంట్లో క్యాలెండరు మీద ఆ రోజుకు గీత పెట్టి, 21వ రోజుకు, 90వ రోజుకు కూడా గుర్తు పెట్టండి. 21వ రోజు పొద్దున, సాయంత్రం బర్రెను కనిపెట్టి చూడండి. ఎద కనిపించకపోతే 90వ రోజు దాటకుండా ‘పి.డి. చేయండి సార్’ అని అడగండి.